కెనడా కాలేజీకి ఫీజు కడుతున్నారా? వీసా వచ్చినంత మాత్రాన వర్క్ పర్మిట్ రాదు

మా చెల్లి ఒంటారియోలో చదువుతోంది. చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తుందన్న ధైర్యంతోనే అప్పు చేసి పంపాం. రాదట. ఈ మాట మాకు చెప్పింది 60 వేలు తీసుకున్న కన్సల్టెన్సీ కాదు, క్లాసులో చెల్లి పక్కన కూర్చునే పంజాబీ అమ్మాయి. "నీ కోర్సు సీఐపీ కోడ్ ఎంత?" అని అడిగి (ఏ కోర్సు ఏ సబ్జెక్టుదో చెప్పే నంబరది), ఫోన్లో వర్క్ పర్మిట్‌కి పనికొచ్చే కోర్సుల లిస్టు తీసి చూపించిందట. ఆ రాత్రి చెల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, మనల్ని ముంచేశారు" అంది.

కన్సల్టెన్సీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. లాయరుతో మాట్లాడుతున్నాం కాబట్టి పేరు రాయను. 2024 సెప్టెంబర్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. గవర్నమెంట్ కాలేజీ, బిజినెస్‌లో రెండేళ్ల డిప్లొమా. "పబ్లిక్ కాలేజీ సార్, మూడేళ్లు గ్యారంటీ" అన్నారు. అక్టోబర్ మొదటి వారానికల్లా 20,635 డాలర్ల జీఐసీతో (అక్కడి ఖర్చులకు కెనడా బ్యాంకులో ముందే వేసే డిపాజిట్) సహా కాగితాలన్నీ చేతిలో పెట్టాం. వాళ్లు స్టడీ పర్మిట్‌కి (అక్కడ చదువుకునే అనుమతికి) ఫైలు వేయలేదు. "మే ఇన్‌టేక్ కదా, తొందరేముంది, పండగలు పోనివ్వండి." దసరా పోయింది. అక్టోబర్ 31న దీపావళి కూడా పోయింది. తెల్లవారి నవంబర్ 1 నుంచి రూలు మారింది. మా ఫైలు వెళ్లింది నవంబర్ 14న.

ఆ రూలు ఏంటంటే, 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కి అప్లై చేసినవాళ్లు కాలేజీలో డిప్లొమా, సర్టిఫికెట్ లాంటివి చదివితే, తర్వాత వర్క్ పర్మిట్ రావాలంటే ఆ కోర్సు కెనడా ప్రభుత్వ లిస్టులో ఉండాలి. వ్యవసాయం, ఆరోగ్యం, సైన్స్-ఇంజినీరింగ్, ఎలక్ట్రీషియన్ లాంటి చేతిపనులు, రవాణా. 2025లో విద్యారంగం కూడా చేరింది. మా చెల్లి కోర్సు అందులో లేదు. రెండు వారాల ముందు ఫైలు పడుంటే ఈ లిస్టు గొడవే ఉండేది కాదు. రూలు రాబోతోందని కెనడా సెప్టెంబర్‌లోనే చెప్పింది. ఇదే వ్యాపారం చేసేవాళ్లకు తెలియలేదంటే నేను నమ్మను.

వెళ్లి అడిగితే కౌన్సెలర్ మర్యాదగానే నీళ్లు తెప్పించి, "అడ్మిషన్, వీసా వరకే మా బాధ్యత సార్" అన్నాడు. రసీదు తీసి చూశాను. "సర్వీస్ ఛార్జ్" అని తప్ప ఒక్క ముక్క లేదు. గ్యారంటీ అన్నదంతా నోటి మాటే. తప్పు మాది కూడా, ఒక్కసారైనా ప్రభుత్వ సైటు తెరిచి చూసుకోలేదు.

బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ డిగ్రీలకు ఈ లిస్టుతో పని లేదు. మాస్టర్స్ అయితే రెండేళ్లకన్నా తక్కువున్నా మూడేళ్ల పర్మిట్ వస్తుంది. బీటెక్ చేసిన పిల్లను డిప్లొమాకు ఎందుకు తోశారో ఇప్పుడు అర్థమవుతోంది. కాలేజీ నుంచి వాళ్లకు కమీషన్ ఉంటుంది కదా.

కాలేజీకి స్టూడెంట్లను చేర్చుకునే అనుమతి ఉన్నంత మాత్రాన వర్క్ పర్మిట్‌కి పనికొస్తుందని కాదు. కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ సైటులో డీఎల్ఐ లిస్టు (విదేశీ స్టూడెంట్లను చేర్చుకోగల కాలేజీల లిస్టు) ఉంటుంది, అందులో వర్క్ పర్మిట్ సంగతి విడిగా రాసి ఉంటుంది, చూడండి. ప్రైవేటు క్యాంపస్‌లో నడుపుతూ గవర్నమెంట్ కాలేజీ సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుల జోలికి అసలు పోకండి. 2024 మే 15 నుంచి వాటిలో మొదలుపెట్టినవాళ్లకు పర్మిట్ లేదు.

ఇంగ్లిష్ పరీక్ష దగ్గర ఇంకో మెలిక. అడ్మిషన్‌కి రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ వర్క్ పర్మిట్‌కి చెల్లదు, జనరల్ ట్రైనింగ్ రాయాలి. యూనివర్సిటీ డిగ్రీ అయితే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ 6 రావాలి. కోర్సు పూర్తయినట్టు కాగితం వచ్చిన 180 రోజుల్లోపు అప్లై చేయాలి. పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతుంటే పర్మిట్ కూడా అంతవరకే ఇస్తారు. ఈ పర్మిట్ జీవితంలో ఒక్కసారే.

చెల్లి ఇప్పుడు మాస్టర్స్‌కి అప్లై చేస్తోంది. మళ్లీ స్టడీ పర్మిట్, మళ్లీ ఫీజు. మొదటి ఏడాదికి కట్టిన 11 లక్షలు పోయినట్టే.

మీ కౌన్సెలర్‌ని మీ కోర్సు ఆరంకెల సీఐపీ కోడ్ అడగండి. దాన్ని ఇంటికెళ్లి మీరే లిస్టులో వెతుక్కోండి. "వర్క్ పర్మిట్‌కి అర్హత ఉంది" అని, ఫైలు ఏ తేదీలోపు వేస్తారో కూడా లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టమనండి. నసుగుతుంటే మీ కాగితాలు మీరు తీసుకుని లేచి వచ్చేయండి.