వలస పిల్లల సీజనల్ హాస్టల్: పడమటి ప్రకాశంలో ఎంతవరకు అక్కరకొస్తోంది?

ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లు సగం ఖాళీ. బేల్దారి (ఇళ్లు కట్టే) పనికి హైదరాబాదు, బెంగళూరు. మిరప కోతకు గుంటూరు, పల్నాడు. ఇంటి దగ్గర మిగిలేది అవ్వాతాతలు, పిల్లకాయలు. ఈ పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం కింద బడి ఆవరణలోనే నడిచేది సీజనల్ హాస్టల్. పగలు మామూలు బడే. పొద్దున టిఫిను, రాత్రి అన్నం, పడక, సాయంత్రం పక్కన కూర్చుని చదివించే మనిషి దీనివల్ల అదనం. ఫీజు లేదు. ఐదుకు మూడు మార్కులు ఇవ్వొచ్చు. తగ్గిన రెండిట్లో ఎక్కువ పాపం తేదీలదే.

మిరప కోత సంక్రాంతి తర్వాత ఊపందుకుని ఏప్రిల్ దాకా సాగుతుంది. బేల్దారి వాళ్లు అంతకు ముందే కదులుతారు. మేస్త్రి అడ్వాన్సు చేతిలో పడ్డాక హాస్టల్ తెరిస్తే ఫలితం ఉండదు, అప్పటికే పిల్లవాడి బట్టలు మూటలో చేరిపోయి ఉంటాయి. వెళ్లబోయే కుటుంబాల పేర్లు, పిల్లల తరగతులతో సహా, దసరా సెలవులు అయిన వెంటనే హెడ్మాస్టరుకు ఇవ్వడం మేలు.

రెండో గండి సంక్రాంతి. పండక్కి వచ్చిన అమ్మానాన్నలు తిరిగి పోతూ బిడ్డను వెంటబెట్టుకుపోతారు, అదీ పదేళ్లు దాటిన ఆడపిల్లనైతే గుడిసె దగ్గర చంటిదాన్ని చూసుకోవడానికి. బడి తెరిచే ముందురోజు సాయంత్రమే పొయ్యి వెలిగించే హాస్టల్లో పిల్లలు నిలుస్తారు. రెండు రోజులు ఆలస్యం చేసిన చోట పడకలు ఖాళీ. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు కావాలి, మూడు నెలలు బడి తప్పితే అది అందదని చెప్పి చూడండి. చదువు గురించి ఎంత చెప్పినా వినని తండ్రి ఈ లెక్క వింటాడు.

తిండి పర్వాలేదు. కాకపోతే మధ్యాహ్న భోజనం కొలత ప్రాథమిక తరగతులకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిదికి 150. రాత్రికీ అదే కొలత పెడితే పెద్దపిల్లలకు చాలదు. ఆదివారం బడి వంట ఉండదు కాబట్టి మూడు పూటలూ హాస్టలే వండాలి. సరుకుల లెక్కలో ఆ మధ్యాహ్నాన్ని మరిచిపోతే నెలాఖరుకు పప్పు పలచబడుతుంది. కనిగిరి వైపైతే ఇంకో జాగ్రత్త: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, కాచినా పోదు. తాగడానికే కాదు, వంటకూ ఫిల్టరు నీళ్లే వాడుతున్నారో లేదో అడగండి.

ఇంకో బలహీనత ఫోను. అమ్మ గొంతు వినక చిన్నపిల్లలు ముందు తిండి తగ్గిస్తారు, తర్వాత పక్క తడుపుతారు, ఆపైన కడుపునొప్పి అంటారు. దాన్ని మొండితనం అనుకుని కసిరితే మర్నాడు అవ్వ ఇంటికి పరుగు. కోత కూలీలు చేలోంచి వచ్చి వంట ముగించేసరికి రాత్రి ఏడున్నర. ఆ వేళకు కేర్‌టేకర్ ఫోను పిల్లల చేతిలో ఉండాలి. తల్లిదండ్రులు సిమ్ములు మారుస్తూనే ఉంటారు కనుక మేస్త్రి నంబరు కూడా రిజిస్టరులో రాయించండి. ఊళ్లో ఉండే అవ్వ పేరు, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆమె ఒప్పుకోలు కూడా ముందే రాసి ఉంచితే మంచిది.

ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటారు, గజ్జి తగులుకుంటే ఒకరితో ఆగదు. దురద ఉన్నవాళ్లకే మందు రాస్తే వారంలో మళ్లీ మొదలు. అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పెర్మెత్రిన్ అనే గజ్జి మందు పూసి, పొద్దున దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. వారం తర్వాత ఇంకోసారి పూయాలి. ఆడపిల్లలున్న చోట రాత్రి ఆడమనిషి ఉండటం, మరుగుదొడ్డి దారిలో లైటు వెలగడం, ఈ రెండూ సాయంత్రం ఏడు తర్వాత వెళ్లి స్వయంగా చూసుకోవాలి. పగలు చూస్తే ఏ హాస్టలైనా బాగానే కనబడుతుంది.

చేర్చినా చేర్చకపోయినా మూడు నెలల కోతకని టీసీ (బడి మారేందుకు ఇచ్చే సర్టిఫికెట్) మాత్రం తీసుకుపోవద్దు, తిరిగొచ్చాక మళ్లీ చేర్చడం తలనొప్పి. వెంట తీసుకెళ్లక తప్పకపోతే పని ఊరి ప్రభుత్వ బడిలో అడగండి. టీసీ రావడం ఆలస్యమైందని పిల్లవాణ్ణి చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఒప్పుకోదు.