భూస్వామ్య వ్యవస్థ పతనం: క్రూసేడ్లా, ప్లేగా?

డిగ్రీలో హిస్టరీ తీసుకున్నవాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఇది. పశ్చిమ యూరప్‌లో భూస్వామ్య వ్యవస్థ, అంటే ప్రభువుల భూమిలో రైతులు వెట్టి చేసే పద్ధతి, కూలడానికి క్రూసేడ్లు (జెరూసలేం కోసం క్రైస్తవులు ముస్లింల మీద చేసిన యుద్ధాలు) పెద్ద కారణమా, ప్లేగా? గైడ్లలో రెండిటినీ ఒకే వరసలో వేసేస్తారు. నా దృష్టిలో రెండూ సమానం కావు.

క్రూసేడ్ల వైపు బలం లేకపోలేదు. 1095లో ఈ యుద్ధాలకు పోప్ రెండో అర్బన్ పిలుపునిచ్చాక ప్రభువులు దారి ఖర్చులకి భూములు తాకట్టు పెట్టారు. నార్మండీ డ్యూక్ రాబర్ట్ ఏకంగా తన రాజ్యాన్నే 10,000 మార్కులకు (అప్పటి డబ్బు లెక్క) తమ్ముడు, ఇంగ్లండ్ రాజు రెండో విలియం దగ్గర కుదువ పెట్టాడు. వెనిస్, జెనోవా వర్తకులు బాగుపడ్డారు. రాజులకు కొత్త పన్నులు వేసే అలవాటైంది.

కానీ పొలంలో వెట్టి చేసే రైతుకు ఏం ఒరిగింది? నేను పట్టి చూసేది అదొక్కటే. ఇంగ్లండ్‌లో క్రూసేడ్లు జోరుగా సాగుతున్న కాలంలోనే, 1200 ప్రాంతంలో, వెట్టి చట్టపరంగా ఇంకా బిగిసింది. ప్రభువుతో భూమి తగాదా వస్తే వెట్టి రైతు రాజు కోర్టు గడప తొక్కే వీల్లేకుండా పోయింది. క్రూసేడ్లే ఈ వ్యవస్థను కూల్చి ఉంటే అప్పుడే సడలాలి కదా!

ప్లేగు సంగతి వేరు. 1347 అక్టోబరులో సిసిలీలోని మెస్సినాకు చేరింది, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌కు. కొన్నేళ్లలోనే యూరప్ జనాభాలో మూడో వంతుకు పైగా పోయారు. పొలాలున్నాయి, కోసే చేతుల్లేవు. కూలి రేట్లు పెరిగిపోవడంతో 1351లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం చేసింది: గడ్డి కోసేవాడికి రోజుకు 5 పెన్నీలు, ఆగస్టు మొదటి వారంలో పంట కోసేవాడికి 2 పెన్నీలు, అంతకు మించి ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. చట్టం చేయించుకున్న ప్రభువులే దాన్ని తప్పారు. కళ్లముందు పంట పాడైపోతుంటే పక్క ఊరి నుంచి పారిపోయి వచ్చినవాణ్ని ఎవరి మనిషివని అడక్కుండా పనిలో పెట్టుకున్నారు. వెట్టి నడుము విరిగింది ఇక్కడే.

1381లో ఇంగ్లండ్‌లో జరిగిన తిరుగుబాటులో రైతులు చాలాచోట్ల ప్రభువుల ఇళ్లలోని కోర్టు రికార్డులు వెతికి మరీ తగలబెట్టారు. ఎవరెవరు వెట్టి చెయ్యాలో రాసి ఉన్నది వాటిలోనే. నాయకుడు వాట్ టైలర్‌ను లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో చంపేశారు, కుర్ర రాజు రెండో రిచర్డ్ ఇచ్చిన మాటలన్నీ వెనక్కి తీసుకున్నాడు. అయినా తర్వాతి వందేళ్లలో వెట్టి పోయి డబ్బు కౌలు వచ్చింది.

ఫిరంగుల్ని కూడా కొందరు కారణంగా చెబుతారు. వాటితో కోటలు కూలి రాజులు బలపడ్డ మాట నిజమే. అప్పటికే పశ్చిమాన వెట్టి చాలావరకు సడలింది.

ప్లేగు వాదానికి అసలు చిక్కు తూర్పున ఉంది. జర్మనీలోని ఎల్బే నదికి అవతల కూలీల కొరత వచ్చినప్పుడు ప్రభువులు రైతుల్ని ఇంకా గట్టిగా కట్టేశారు. పోలండ్‌లో 1520 నాటి చట్టం వారానికి కనీసం ఒక రోజు వెట్టిని తప్పనిసరి చేసింది. అక్కడ ప్రభువులు ఒక్కతాటి మీద నిలిచారు, రైతు పారిపోయి తలదాచుకునేంత బలమైన పట్టణాలు తక్కువ. అందుకే నేను ప్లేగుకే ఓటేసినా, జవాబులో ‘జనం చచ్చారు, కూలి పెరిగింది’ అని ఆపేస్తే ఒప్పుకోను. పశ్చిమాన ప్రభువులు కూలీల కోసం ఒకరితో ఒకరు పోటీ పడ్డారన్న మాట కూడా రాయాలి.