తొమ్మిదేళ్లు అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ వాడాక: 5కి 2.5

టెక్సాస్‌కి వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. మొదట్లో పీపీఓ (నెలనెలా కట్టేది ఎక్కువ, డాక్టర్ దగ్గర కట్టేది తక్కువ), గత ఐదేళ్లుగా హై డిడక్టిబుల్ ప్లాన్. మొత్తం మీద ఒక డెలివరీ, ఒక ఆపరేషన్, ఒక మోకాలు, లెక్కలేనన్ని చెవి నొప్పులు. మూడు కంపెనీలు మారా, కార్డు మీద పేరు మారింది గానీ తలనొప్పి మాత్రం అదే.

మా ప్లాన్ ఎట్లుంటుందంటే, రెండు వారాలకోసారి పేచెక్‌లో 210 డాలర్లు కట్ అవుతాయి. అయినా సంవత్సరంలో మొదటి 4,000 వైద్యం ఖర్చు పూర్తిగా మనదే, అదే డిడక్టిబుల్. అది దాటాక 20 శాతం మనది 80 వాళ్లది, మనం కట్టింది మొత్తం 8,000కి చేరాక ఇక అంతా వాళ్లే చూసుకుంటారు, దాన్నే ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాక్స్ అంటారు. కొత్తగా వచ్చినోళ్లకి ఇది చెప్తే "మరి నెలనెలా కట్టేది దేనికి అన్నా" అంటారు. మంచి ప్రశ్నే.

2023 డిసెంబర్ 27న మా పెద్దోడికి అపెండిసైటిస్. రాత్రికి రాత్రే ఆపరేషన్, డాక్టర్లకి దణ్ణం పెట్టాలి, పిల్లాడు రెండో రోజుకే ఇంటికొచ్చాడు. హాస్పిటల్ వేసిన బిల్లు 48,000. ఇన్సూరెన్స్‌వాళ్లు ఒప్పుకున్న రేటు 16,500. మిగతా 31,500 ఏమైంది? ఏమీ కాలేదు, ఎవరూ కట్టలేదు, అసలు అది ఎవరూ కట్టే డబ్బే కాదు, కాగితం మీద రాసి కాగితం మీదే కొట్టేస్తారు. మేము కట్టింది 4,000, ప్లస్ మిగిలిన దాంట్లో 20 శాతం 2,500, మొత్తం 6,500. సరే పోనీ అనుకున్నామా, జనవరి 3న మళ్లీ జ్వరం, కడుపు నొప్పి, లోపల ఇన్ఫెక్షనేమో అని మళ్లీ ఈఆర్ (ఎమర్జెన్సీ), మళ్లీ స్కాన్. జనవరి 1తో డిడక్టిబుల్ మీటర్ సున్నాకి వచ్చేసింది కదా, ఇంకో 2,300. అదే పిల్లాడు, అదే కడుపు, క్యాలెండర్ మాత్రం మారింది.

మా బావ నాకు పూర్తి ఆపోజిట్. "రేయ్, ఇక్కడ నిన్ను ఈఆర్ గుమ్మం దగ్గర డిపాజిట్ అడిగారా? మన ఊళ్లో అయితే ముందు కౌంటర్లో డబ్బు కట్టి రమ్మనేవాళ్లు" అంటాడు. అది నిజమే, కాదనను, ఎమర్జెన్సీలో వచ్చినోణ్ణి డబ్బుల్లేవని చూడకుండా పంపకూడదని ఇక్కడ 1986 నుంచే చట్టం ఉంది. కాకపోతే చూస్తారు, బిల్లు తర్వాత పంపిస్తారు. నేను బావతో అనేది ఒకటే, మన దగ్గర కౌంటర్లో అమ్మాయి కనీసం ప్యాకేజీ ఎంతో నోటితో చెప్తుంది, ఇక్కడ ముందుగా ఎంతవుతుందని అడిగితే ఏదో అడగరానిది అడిగినట్టు చూస్తారు. ఆరు వారాల తర్వాత ఈఓబీ, అంటే ఇన్సూరెన్స్‌వాళ్ల లెక్కల కాగితం, వస్తుంది, దాని మీద పెద్దక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది, దాని వెనకాలే అసలు బిల్లు వస్తుంది.

ప్లస్ పాయింట్లు లేవని కాదు. హెచ్‌ఎస్‌ఏ, అంటే హై డిడక్టిబుల్ వాళ్లు వైద్యం ఖర్చుకని డబ్బు దాచుకునే ఖాతా, నిజంగా బాగుంటుంది. ఫ్యామిలీకి 2025లో 8,550 దాకా వేసుకోనిచ్చారు, దాని మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు, వాడకపోతే మిగిలిపోతుంది, ఉద్యోగం మారినా మనతోనే వస్తుంది. 2022లో అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ యాక్ట్ కూడా మంచి పని చేసింది. 2019లో మా ఆవిడ డెలివరీకి హాస్పిటల్ ఇన్ నెట్‌వర్కే (మా ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నదే), డాక్టరమ్మ ఇన్ నెట్‌వర్కే, ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్) ఇచ్చినాయన మాత్రం కాదట, 1,850 బిల్లు. నొప్పులు పడే మనిషి "అయ్యా మీరు ఏ నెట్‌వర్కు" అని అడగాలన్నమాట. ఇప్పుడు అట్లా వెయ్యలేరు. అంబులెన్స్‌ని మాత్రం ఆ చట్టంలో వదిలేశారు, రోడ్డు మీద పోయే దాన్ని.

యాన్యువల్ ఫిజికల్, అంటే ఏడాదికోసారి చేసే చెకప్, ఫ్రీ, అది కూడా మంచిదే, కానీ నోరు మూసుకుని కూర్చోవాలి. నేను పొరపాటున మోకాలు నొప్పి అన్నా. డాక్టర్ రెండు నిమిషాలు వంచి చూశాడు, 99213 అనే కోడ్‌తో విడిగా 180 పడింది. తర్వాత ఎమ్మారైకి రాస్తే, ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చెయ్యి అని రిజెక్ట్. నేను అప్పీల్ పెట్టా, డాక్టర్ ఫోన్లో మాట్లాడాడు, అప్రూవ్ అయ్యింది. కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం గవర్నమెంటు సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో కొన్న ప్లాన్లలో రిజెక్ట్ అయిన క్లెయిముల్లో ఒక శాతం కూడా అప్పీల్‌కి వెళ్లవట. దయచేసి పెట్టండి, ఒక లెటరే.

నాకు అసలు మింగుడుపడనిది వేరే. మా ఆఫీసు ఫ్రంట్ డెస్క్‌లో ఉండే ఆవిడకీ నాకూ ఒకటే ప్లాన్, ఒకటే 4,000. నాకది బాధ, ఆమెకది నెల జీతం పైనే. కూతురు చెయ్యి విరిగితే ఈఆర్‌కి పోతే ఎక్కువవుతుందని అర్జెంట్ కేర్‌కి (చిన్న చిన్న ఎమర్జెన్సీలు చూసే క్లినిక్) తీసుకెళ్లింది, వాళ్లు చూసి ఈఆర్‌కే పంపారు, రెండు బిల్లులు. హెచ్‌ఎస్‌ఏలో టాక్స్ మిగులు కూడా ఎక్కువ జీతమున్న నాకే ఎక్కువ. ఇదంతా కంపెనీ ఇచ్చే బెనిఫిట్ అని మనం సంబరపడతాం గానీ, 2024లో సగటు ఫ్యామిలీ ప్రీమియం 25,572 డాలర్లు, ఉద్యోగి కట్టేది అందులో 6,296 మాత్రమే, మిగతాది కంపెనీ కట్టినట్టు కనిపించినా మన జీతంలో పెరగాల్సిందే అటు పోతోంది. రెండో ప్రపంచయుద్ధం టైములో, 1942లో జీతాలు పెంచకూడదని గవర్నమెంటు కట్టడి పెడితే కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్స్ ఆశ చూపించాయి, ఆ అలవాటు ఇంకా వదల్లేదు.

పోయినేడాది బావకి లేఆఫ్ అయ్యింది. హెచ్‌1బీ వీసా మీద 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, అదే టైములో కోబ్రా, అంటే పోయిన ఉద్యోగం ఇన్సూరెన్స్‌నే కొనసాగించుకోవడం, కావాలంటే కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం. నెలకి 2,240. జీతం ఉన్నప్పుడు 450 కట్టేవాడు, జీతం లేనప్పుడు ఐదింతలు. ఆ రోజు మాత్రం బావ మన ఊరి కౌంటర్ మాట ఎత్తలేదు. రెండు నెలల్లో జాబ్ వచ్చింది, మళ్లీ మొదలుపెట్టాడు అనుకోండి.

ఎవరికి ఏదంటే, సుగర్, ఆస్తమా లాంటివి ఉండి నెలనెలా డాక్టర్ దగ్గరికి పోయేవాళ్లు పీపీఓ తీసుకోండి. ఆరోగ్యంగా ఉండి, బ్యాంకులో ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాక్స్ అంత డబ్బు పక్కన పెట్టగలిగితేనే హై డిడక్టిబుల్. పాప పుడితే 30 రోజుల్లో ప్లాన్‌లో యాడ్ చెయ్యడం మర్చిపోకండి. పెద్ద బిల్లు వస్తే ఐటమ్ వారీ బిల్లు అడిగి చూడకుండా రూపాయి కట్టొద్దు, మాకు ఒకసారి వాడని మందు 140 తీసేశారు.

నేను ఈసారి కూడా హై డిడక్టిబుల్‌లోనే ఉన్నా. జనవరి 2న చిన్నోడికి చెవి నొప్పి, అర్జెంట్ కేర్‌లో 165. ఇంకా 3,835 ఉంది.