పెన్సిల్ దిమ్మ: వెదురు విల్లు రెక్కల పనిలో ఎండలకీ వానలకీ వాడి చూశాక

చిత్రిక లేకపోయినా విల్లు పని ఎలాగో సాగుతుంది గానీ పెన్సిల్ దిమ్మ లేకపోతే నాకు చెయ్యి ఆడదు. జానెడు కూడా లేని చెక్కముక్క, నడుమ ఒక కన్నం, కన్నంలో పెన్సిల్ ముక్క, అది కదలకుండా పక్కనుంచి బిగించే మర. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. వంచి కట్టిన విల్లు పొట్ట మీద, అంటే బాణం వేసేవాడి వైపుండే ముఖం మీద, దీన్ని జరుపుకుంటూ పోతే రెక్క (పిడికి అటూ ఇటూ వంగే భాగం) బిర్రుగా, అంటే వంగకుండా ఉన్నచోట గీత పడుతుంది, బాగా వంగుతున్నచోట పడదు. గీత పడ్డచోట గీకడం, మళ్లీ జరిపి చూడడం. రెక్కలు సరిచేసే పనిలో ఇంత సూటిగా జవాబిచ్చే పనిముట్టు నేను ఇంకోటి చూడలేదు.

విల్లుని గోడకి బిగించి, గిలక మీదుగా తాడు లాగి, పది అడుగులు వెనక్కి వెళ్లి వంపు చూడడం ఈ పని తెలిసినవాళ్లందరూ చేసేదే. దాని గురించి రాయను. అలా చూస్తే పెద్ద తప్పులు దొరుకుతాయి. చిన్నవి దొరకవు. వెదురు విషయంలో మరీను. కణుపు ఉన్నచోట రెక్క కొంచెం ఉబ్బి ఉంటుంది కాబట్టి అక్కడ వంగడం లేదేమో అనిపిస్తుంది. కణుపుల మధ్య నున్నటి భాగం నిజంగా బిర్రుగా ఉన్నా కంటికి బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

చిన్న తప్పుని ఎందుకు అంత పట్టించుకోవాలో ఒక లెక్క చెబుతుంది. రెక్క బిర్రు దాని వెడల్పుతో సమానంగా మారుతుంది, మందంతో మాత్రం మూడో ఘాతంలో మారుతుంది. 38 మి.మీ. వెడల్పులోంచి అర మిల్లీమీటరు తీస్తే పోయేది ఒకటిన్నర శాతం లోపే. 12 మి.మీ. మందంలోంచి అదే అర మిల్లీమీటరు తీస్తే 12 శాతం పోతుంది. ఆకురాయి నాలుగుసార్లు గట్టిగా నడిస్తే అర మిల్లీమీటరు ఎటుపోయిందో తెలియదు. అంచేత చివరి దశలో ఎక్కడ గీకాలన్నది ఊహకి వదిలేసే సంగతి కాదు.

దిమ్మ కొలత మీద కొంచెం ఆగి చెబుతాను, చాలామంది చేతికి దొరికిన ముక్కతో చేసేసి ఇది పనికిరాదంటారు. నాది 150 మి.మీ. పొడవు. మీటరు వ్యాసార్ధంతో వంగిన రెక్క మీద దాన్ని ఆనిస్తే రెండు కొసలూ తాకి, నడుమ 2.8 మి.మీ. సందు వస్తుంది. రెండు మీటర్ల వ్యాసార్ధమైతే 1.4. ఈ తేడా పెన్సిల్‌కి చక్కగా అందుతుంది. అదే 75 మి.మీ. ముక్క అయితే మీటరు వంపులో వచ్చే సందు 0.7 మి.మీ. మాత్రమే, అంటే పెన్సిల్ ముల్లు అరిగిన పాటి కూడా తప్పు చూపించేస్తుంది. పొడవు రెట్టింపైతే సందు నాలుగు రెట్లవుతుంది. అలాగని 200 దాటించకూడదు. వెదురులో కణుపుకీ కణుపుకీ మధ్య ఉన్న కాస్త చోటులో అంత పొడుగు దిమ్మ తిరగదు.

వాడే పద్ధతి ఇది. పని మధ్యలో ఉన్న విల్లుని గిలక మీద ఓ మోస్తరుగా వంచి తాడు కట్టేయాలి. చివరికి ఎంత లాగుబరువు (నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలం) కావాలో, ఏ దశలోనూ అంతకు మించి లాగకూడదు. 18 కిలోల విల్లు కావాలంటే వేలాడే కాటా 18 చూపగానే ఆగాలి, బాణం పొడవుకి ఇంకా పది అంగుళాలు మిగిలి ఉన్నా సరే. పెన్సిల్ వెనక్కి లాగి పెట్టి, దిమ్మని రెక్క పొడుగునా జరిపి, సందు అన్నిటికంటే ఎక్కువున్న చోటు పట్టుకోవాలి. అక్కడ పెన్సిల్‌ని తాకీతాకనంతగా దింపి మర బిగించాలి. ఇక పిడి పక్కనుంచి కొస దాకా జరిపితే గీత పడినదంతా అంతకంటే బిర్రైన చోటన్నమాట. విల్లు దింపి, గీత ఉన్నంత మేర స్క్రేపర్‌తోనో పాత హాక్సా బ్లేడు ముక్కతోనో గీకి, సగం లాగు దాకా ముప్ఫై సార్లు వంచి వదలాలి. గీకిన ఫలితం అలా వంచాక గానీ పైకి రాదు. ఆ తర్వాతే మళ్లీ దిమ్మ. వంచి కట్టిన విల్లుని అలా వదిలేసి వేరే పనికి మాత్రం వెళ్లకూడదు. కొలిచి గీత పడగానే దించాలి, లేకపోతే ఆ వంపు రెక్కలో నిలిచిపోతుంది.

ఇక ఇది మొరాయించిన సంగతి. గోదావరి లంకల్లో, కోనసీమలో పనిచేసేవాళ్లకి ఇది తప్పకుండా ఎదురవుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. మామిడి చెక్కతో చేసిన దిమ్మ వేసవిలో ముచ్చటగా పనిచేసింది. ఆషాఢం దాటాక దీనితో సరిచేసిన విళ్లన్నిటికీ ఒకే జబ్బు వచ్చింది. పిడి దగ్గర ఎక్కువ వంగుతున్నాయి, కొసవైపు మూడోవంతు కర్రలా నిలబడిపోతోంది. దిమ్మ మాత్రం అంతా బాగానే ఉందంటోంది. అడుగు తడికి ఉబ్బి వంగిందేమోనని మొదటి అనుమానం. గాజుపలక మీద పెడితే నిజంగానే కొంచెం వంగింది. కానీ ఈ జబ్బుకి కారణం అది కాదు. పెన్సిల్‌ని అదే దిమ్మతో, అదే రెక్క మీద సర్దుతాం కాబట్టి అడుగు కాస్త వంగినా ఆ తప్పు రెండు వైపులా కొట్టుకుపోతుంది. నిన్నటి సర్దుబాటుని ఇవాళ వాడితే తప్ప నష్టం లేదు.

అసలు దోషం మరలో ఉంది. మామిడి చెక్క తేమకి మెత్తబడి, మర పట్టు సడలింది. దిమ్మ జరుగుతున్నకొద్దీ గీత పడ్డ ప్రతిచోటా పెన్సిల్ వెంట్రుకవాసి పైకి జారుతోంది. దానికి తోడు ముల్లు అరుగుదల. రెండూ ఒకే దిక్కుకి తోస్తాయి, పెన్సిల్ పొట్టకి దూరమైపోతుంది. జరపడమేమో ఎప్పుడూ పిడి నుంచి కొసకి. అంటే పిడి పక్కన న్యాయంగా గీతలు పడతాయి, కొసకి చేరేసరికి పెన్సిల్ అందక గీత పడదు. పిడివైపు గీకుడు పడుతూనే ఉంటుంది, కొసవైపు గీకాల్సింది మిగిలిపోతుంది. జబ్బు అన్ని విళ్లకీ ఒకేలా రావడానికి కారణం ఇదే.

మందు తేలిక. ఒకటి, పెన్సిల్‌ని సర్దిన చోటికి ప్రతిసారీ తిరిగి వచ్చి ఇంకా అలాగే తాకీతాకకుండా ఉందో లేదో చూడాలి. రెండు, పిడి నుంచి కొసకి ఒకసారి, కొస నుంచి పిడికి ఒకసారి జరపాలి. రెండు గీతలూ ఒకచోటే పడితేనే నమ్మాలి. మూడు, మరని చెక్కలోకి నేరుగా బిగించకుండా ఇత్తడి నట్టు ఒకటి దిమ్మలో దిగగొట్టి, దానిలో స్టెయిన్‌లెస్ స్టీలు మర తిప్పాలి. ఇనప మర సముద్రపు గాలికి తుప్పుపట్టి కదలనంటుంది, అంతర్వేది వైపు మరీ త్వరగా. హెచ్‌బీ బదులు 2హెచ్ పెన్సిల్ వాడితే అరుగుదల తగ్గుతుంది. నేనిప్పుడు వాడుతున్నది స్లైడింగు కిటికీలకి వాడే అల్యూమినియం సెక్షన్ తుంపు. కిటికీల షాపులో అలాంటి ముక్కలు పక్కన పడేసి ఉంటాయి. ఆ తర్వాత ఆ జబ్బు మళ్లీ రాలేదు.

పైన సూటిగా జవాబిస్తుందని రాశాను. నిజమే, కానీ మనం అడిగినదానికే. దిమ్మ చెప్పేది ఇప్పుడున్న వంపు గురించి, విల్లు వంచడం వల్ల కొత్తగా వచ్చిన వంపు గురించి కాదు. బద్దకే పుట్టుకతో వంకర ఉంటే దాన్నీ కలిపి చెబుతుంది. కాబట్టి విల్లు వంచకముందే ఒకసారి దిమ్మ జరిపి, వంకరలని ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత నల్ల గీత ఎర్ర గుర్తు మీద పడితే అక్కడ చెయ్యి పెట్టకూడదు.

కణుపుల దగ్గర దిమ్మ మాట అసలే వినకూడదు. దిమ్మ కొస కణుపు ఎక్కితే నడుమ సందు పెరిగి, అక్కడ రెక్క బలహీనంగా ఉందంటుంది. పెన్సిల్ కణుపు మీదికి వస్తే గీత పడి, బిర్రుగా ఉందంటుంది. రెండూ అబద్ధాలే. ఆ గీత నమ్మి గీకితే కణుపే ముందు పోతుంది. నార కణుపు దగ్గర తిన్నగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడ బలం ముందే తక్కువ. లోపలి అడ్డుతెర మిగులుని పొడుగు చిత్రికతో మట్టం చేసి, కణుపు దగ్గర పావు నుంచి అర మి.మీ. మందం ఎక్కువే ఉంచడం నా పద్ధతి. కణుపుకి ఇటూ అటూ 75 మి.మీ. మేర దిమ్మ గీతల్ని లెక్కలోకి తీసుకోను. వీపు వైపు సంగతి ఎలాగూ తెలిసిందే, బలమైన నారంతా పైపొర కిందే ఉంటుంది. అక్కడ కణుపు గరుకు పోయేంతవరకే ఉప్పు కాగితం, అంతకు మించి ఏమీ వద్దు.

ఇంకో సంగతి. ఒకే సర్దుబాటుతో రెక్క అంతా సరిచూస్తే అది వృత్తం ముక్కలా వంగుతుంది. పిడి నుంచి కొసకి వెడల్పు తిన్నగా తగ్గుతూ, మందం దాదాపు ఒకేలా ఉన్న రెక్కకి అదే సరైన వంపు. వెడల్పు చాలా దూరం ఒకేలా ఉండి, మందం తగ్గుతూ పోయే రెక్కకి అది సరిపోదు. పలచనైన చోటు ఎక్కువ వంగినా తట్టుకుంటుంది కాబట్టి అక్కడ కొసవైపు వంపు ఎక్కువుండాలి. అలాంటి రెక్కని మూడు భాగాలు చేసుకుని, పిడి నుంచి కొసకి పోతున్నకొద్దీ పెన్సిల్ ఇంకొంచెం దింపి చూసుకోవాలి. ఏ రకమైనా చివరి నాలుగైదు అంగుళాలు వంగకుండా వదిలేయడమే మంచిది.

రెక్కలో ఒకచోట ముందే మడతలా వంగిపోతుంటే మాత్రం దిమ్మని పక్కన పెట్టేయండి. అది ఆ బలహీనమైన చోటునే కొలతగా పెట్టుకుని మిగతా విల్లంతా గీకమంటుంది. చెప్పినట్టు చేస్తే 18 కిలోల విల్లు పిల్లల విల్లై కూర్చుంటుంది. ఆ మడతకి రెండు పక్కలా కంటితోనే చూసి గీకి, అది మామూలు వంపులో కలిశాకే దిమ్మ తీయాలి.

రెండు రెక్కల మధ్య తూకం దిమ్మ చెప్పదు, చెబుతున్నట్టు కనబడుతుంది. పై రెక్క మీద గీతలు నిండి, కింది రెక్క మీద ఒక్కటీ పడకపోతే పై రెక్క బిర్రు అనిపిస్తుంది. అయితే పిడిని బల్లకి గట్టిగా బిగించినప్పుడు రెక్కలు వంగే తీరు వేరు, చేతిలో వంగే తీరు వేరు. చేతిలో విల్లు అరచేయి ఒత్తే చోటు మీద అటూ ఇటూ ఒరుగుతుంది. తూకం చూడాలంటే పిడిని అరచేయి ఒత్తే చోటే గుండ్రటి దిమ్మ మీద ఆనించి, నారిని వేళ్లు పట్టే చోటే కొక్కెంతో లాగాలి. వెనక గోడ మీద మేస్త్రీ గుండు ఒకటి వేలాడదీస్తే, లాగుతున్నకొద్దీ కొక్కెం ఆ దారం వెంటే దిగాలి. పక్కకి జరిగితే, ఎటు జరిగిందో ఆ రెక్క బిర్రుగా ఉన్నట్టు. ఆ రెక్కని పొడుగునా సమానంగా గీకాలి, ఒక్కచోట కాదు. బాణాన్ని వేళ్ల మధ్య పట్టి వేసేవాళ్లకి నారి ఎక్కించినప్పుడు నారికీ పై రెక్కకీ మధ్య సందు కింది రెక్క సందు కంటే 3 నుంచి 5 మి.మీ. ఎక్కువుంటే బాగుంటుంది. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టేవాళ్లకి దాదాపు సమానంగా ఉండాలి.

ఇవన్నీ కుదిరినా ధవళేశ్వరం దిగువన తేమ తన పని తాను చేస్తుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్న రోజుల్లో కర్ర 16 శాతం దగ్గర నిలబడుతుంది. విల్లుకి కావలసింది 9 అటూ ఇటూ. తడి వెదురు పొట్ట నలిగి, వంపు నిలిచిపోతుంది, అడ్డంగా సన్నటి ముడతలు కూడా రావచ్చు. ఆ స్థితిలో దిమ్మ చూపే గీత ఎంత నిజమైనా వృథా. ప్లైవుడ్ పెట్టెలో 60 వాట్ల పాతరకం బల్బు పెట్టి, కిందా పైనా చిన్న కన్నాలు వదిలి అందులో బద్దల్ని ఆరబెట్టడం నాకు బాగా కుదిరింది. ఎల్‌ఈడీ బల్బుకి అంత వేడి రాదు. 28 డిగ్రీల గాలిని 38కి వేడిచేస్తే చాలు, 80 శాతం తేమ 45 దగ్గరికి పడిపోతుంది. బద్దని రోజూ తూచి, బరువు తగ్గడం ఆగాక తీయాలి. వానాకాలంలో రెక్కలు సరిచేసే రోజుల్లో రాత్రిపూట విల్లుని మళ్లీ ఆ పెట్టెలోనే పెడతాను.

రంపచోడవరం, మారేడుమిల్లి వైపునుంచి వచ్చే బోలు తక్కువ గట్టి వెదురు బద్దలతో, 66 అంగుళాల పొడవు, 28 అంగుళాల లాగు, 20 కిలోల లోపు బరువు. నా పని ఈ కొలతల్లోనే, కాబట్టి ఈ మాటలూ అంతవరకే. ఇండియన్ రౌండ్ అనే విలువిద్య పోటీల్లో వెదురు విల్లు వేసేవాళ్లకి చేసిపెట్టేవాళ్లు ఈ దిమ్మ ఒకటి దగ్గర పెట్టుకోవచ్చని ధైర్యంగా చెబుతాను, ఖర్చు ఒక మర, ఒక నట్టు, ఒక పెన్సిల్. అంతకంటే బరువైన విళ్లకి, కొసలు వెనక్కి వంచిన విళ్లకి వాడలేదు. కొసలు వంచినవాటిలో పొట్ట మొదటే ఉబ్బెత్తుగా ఉంటుంది, దిమ్మ రెండు కొసలూ తాకవు, కాబట్టి ఆ మేర దీనితో పనిలేదు. పొట్టని గుండ్రంగా చెక్కే అలవాటున్నవాళ్లు దిమ్మ వెడల్పు 20 మి.మీ. లోపు ఉంచుకోవాలి, లేకపోతే అది పక్కకి ఒరిగి పెన్సిల్ అంచున గీస్తుంది.