పార్సిల్ డెలివరీకి ఏ హబ్, ఏ ఏరియా తీసుకోవాలి: అన్ని రకాల రూట్లూ నడిపాక సమీక్ష

పార్సిల్ డెలివరీలో కొత్తగా చేరేవాళ్లలో ఎక్కువమంది ఇంటికి దగ్గరగా ఉన్న హబ్‌నే, అంటే ప్యాకెట్లు లోడ్ చేసుకుని బయల్దేరే కేంద్రాన్నే అడుగుతారు. ఇంటి నుంచి హబ్‌కి పోయే దారి రోజుకు రెండుసార్లే. హబ్ నుంచి మొదటి స్టాప్ ఎంత దూరం, స్టాప్‌కీ స్టాప్‌కీ మధ్య ఎంత, ఒక్కో గుమ్మం దగ్గర ఎన్ని నిమిషాలు పోతాయి అన్న మూడింటి మీదే రోజంతా నడుస్తుంది. బైక్ మీద బ్యాగుతో, వ్యాన్‌తో, ఊళ్లలో, టవర్లలో, ఆఫీసుల్లో నడిపి చూశాక కూడా ఈ లెక్క మారలేదు.

లెక్క చూడండి. షిఫ్ట్ తొమ్మిది గంటలు, అంటే 540 నిమిషాలు. లోడింగ్, స్కానింగ్‌కి 30, భోజనానికి 30, సాయంత్రం రిటర్న్‌లు (ఇవ్వలేక వెనక్కి తెచ్చిన ప్యాకెట్లు) అప్పజెప్పి క్లోజింగ్ చేయడానికి 20. మొదటి స్టాప్ 35 నిమిషాల దూరంలో ఉంటే పోనూ రానూ 70. మిగిలింది 390. రూట్‌లో 130 స్టాప్‌లు ఉంటే ఒక్కోదానికి మూడే నిమిషాలు. బండి నడపడం, ఆపడం, ప్యాకెట్ వెతకడం, నడక, బెల్, ఓటీపీ లేదా ఫొటో అన్నీ అందులోనే. అదే మొదటి స్టాప్ 15 నిమిషాల్లో వస్తే 40 నిమిషాలు మిగులుతాయి. మూడు నిమిషాల లెక్కన అది 13 స్టాప్‌ల పని. రూట్ షీట్‌లో రెండు ఏరియాలకీ 130 అనే రాసి ఉంటుంది కాబట్టి ఈ తేడా బయటికి కనపడదు.

ఈ తేడా ఎవరి నెత్తిన పడుతుందన్నది జీతం పద్ధతిని బట్టి ఉంటుంది. గంటల లెక్కన ఇస్తే దూరం రూట్ హాయి, కూర్చుని నడిపినదానికీ డబ్బులే. ప్యాకెట్ లెక్కన ఇస్తే ఖాళీగా నడిచే ప్రతి కిలోమీటరూ మన జేబులోంచే. సొంత బండి, ఇంధనం మనదే అయితే రోజుకు 20 కిలోమీటర్లు ఎక్కువ తిరగడం 26 రోజుల నెలలో 520 కిలోమీటర్లు. ఇంధనం ఒక్కటే కాదు, ఆయిల్ మార్పు, టైర్లు, బ్రేక్ షూలు, చైన్ కూడా ముందుకు జరుగుతాయి. అందుకని ‘ఏ ఏరియా మంచిది’ అని తోటి డ్రైవర్‌ని అడిగే ముందు, ఆయనకి డబ్బు ఏ లెక్కన వస్తుందో అడగండి. ఆయనకి బంగారం లాంటి రూట్ మనకి నష్టం కావచ్చు.

ఇక హబ్. చేరకముందే ఒక ఉదయం లోడింగ్ వేళకీ, ఒక సాయంత్రం క్లోజింగ్ వేళకీ గేటు దగ్గర అరగంట నిలబడితే చాలు. ఉదయం చూడాల్సింది ప్యాకెట్లు రూట్ వారీగా సర్ది బ్యాగుల్లో ఇస్తున్నారా, లేక కుప్ప పోసి ఎవరిది వాళ్లు ఏరుకోమంటున్నారా అని. కుప్పలోంచి ఏరుకునే హబ్‌లో అరగంట లోడింగ్ గంటన్నర అవుతుంది. ఆ సమయం ఏ లెక్కలోకీ రాదు, కస్టమర్‌కి ఆలస్యం మాత్రం మన పేరు మీద పడుతుంది. సాయంత్రం చూడాల్సింది క్యాష్ కౌంటర్ దగ్గర వరస. సీఓడీ (ప్యాకెట్ ఇచ్చేటప్పుడు డబ్బు వసూలు చేసేవి) ఎక్కువగా ఉండి కౌంటర్ ఒక్కటే ఉంటే రోజూ 40 నిమిషాలు అక్కడే పోతాయి. బండి నీడన పెట్టుకునే చోటు, మరుగుదొడ్డి, తాగునీళ్లు, ఎలక్ట్రిక్ బండైతే ఛార్జింగ్ పాయింట్లు చిన్న విషయాల్లా అనిపిస్తాయి, మూడో వారానికి కావు.

హబ్‌లో అడగాల్సిన అసలు ప్రశ్న: రూట్ ఫిక్స్‌డా, రోజూ మారుతుందా? ఈ సమీక్షలో దేనికైనా పూర్తి మార్కులు వేయాలంటే ఫిక్స్‌డ్ రూట్‌కే. నెల తిరిగేసరికి ఏ గేటుకి గడియ ఎక్కడుందో, ఏ ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ ఉండరో, ఏ సందులోకి బండి తిప్పితే వెనక్కే రావాలో తెలిసిపోతుంది. మొదటివారం నాలుగు నిమిషాలు పట్టిన స్టాప్ రెండున్నరకి దిగుతుంది. రోజూ ఏరియా మారితే ఎన్నాళ్లు చేసినా కొత్తవాళ్లమే. కొన్ని సంస్థల్లో రూట్లు సీనియారిటీ ప్రకారం ఎంచుకుంటారు, అక్కడ మిగిలిందే కొత్తవాళ్లకి వస్తుంది. ఆ మిగిలేది ఏదో ముందే కనుక్కోండి.

అపార్ట్‌మెంట్లంటే కొత్తవాళ్లు భయపడతారు గానీ, ప్యాకెట్ లెక్కన డబ్బు వచ్చేవాళ్లకి వాటిని మించింది లేదు. ఒకసారి బండి ఆపితే పది, పదిహేను ప్యాకెట్లు దిగిపోతాయి. అయితే ఆ పదిహేనూ ముందే బ్లాక్ వారీగా, అంతస్తు వారీగా సర్దుకుని ఉండాలి. లిఫ్ట్‌లో పై అంతస్తుకి పోయి, మెట్ల మీద దిగుతూ ఇచ్చుకుంటూ రావాలి. ప్రతి అంతస్తుకీ లిఫ్ట్ కోసం ఆగితే అదే సగం సమయం తినేస్తుంది. ఇబ్బంది గేటు దగ్గర. సెక్యూరిటీ ఒక్కో ఫ్లాట్‌కి ఫోన్ చేసి అనుమతి అడిగే చోట పదిహేను ప్యాకెట్లకి ఇరవై నిమిషాలు గేటులోనే గడుస్తాయి. చిరునామాలో ఫ్లాట్ నంబర్ ఉండి బ్లాక్ పేరు లేకపోవడం రెండో తలనొప్పి. ఎత్తయిన టవర్ల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకి కొట్టుకుని వస్తుంది కాబట్టి మ్యాప్‌లో పిన్ పక్క బ్లాక్ చూపిస్తుంది. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ మామూలుగా 5 మీటర్ల లోపే తప్పుతుంది, టవర్ల నడుమ ఆ భరోసా లేదు. వ్యాన్ అయితే సెల్లార్ ఎత్తు పలక చూడకుండా లోపలికి దించకండి. పార్సిల్ రూమ్ గానీ లాకర్లు గానీ ఉన్న సముదాయాలు ఎక్కువున్న ఏరియా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, పండగ రోజుల్లో లాకర్లు నిండిపోతాయన్న సంగతి ఒక్కటి గుర్తుంచుకుని.

పాత బస్తీల ఇరుకు సందులు బైక్‌వాళ్ల రాజ్యం. వ్యాన్‌తో అక్కడికి ఒప్పుకుంటే బండి మెయిన్ రోడ్డు మీద ఆపి, చేతిలో మోసుకుని నడవడమే. ఇంటి నంబర్లు వరసలో ఉండవు, 12/1 లాంటి బైనంబర్లు సందు అవతల తేలతాయి.

విడి ఇళ్ల కాలనీల్లో వేగం బాగుంటుంది గానీ, పనిరోజుల్లో మధ్యాహ్నం తాళాలే కనిపిస్తాయి. రెండో అటెంప్ట్‌కి డబ్బు రాని చోట ఇది పెద్ద నష్టం. కుక్కలున్న ఇళ్ల సంగతి అక్కడ ముందు పనిచేసిన డ్రైవర్‌నే అడగాలి, యాప్‌లో ఉండదు. మధ్యలో డివైడర్ ఉన్న పొడవాటి రోడ్లు ఉన్నాయేమో కూడా చూడండి. యాప్ రెండు వైపుల ఇళ్లనీ ఒకే వరసలో పెడుతుంది, ఎదురిల్లే అయినా యూ టర్న్ కిలోమీటరు అవతల ఉంటుంది. అలాంటి రోడ్డుని ఒక వైపు మొత్తం ముగించి, తర్వాత రెండో వైపు ఎత్తుకోవాలి. కుడి వైపు నడిపే అమెరికాలో యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ వాళ్లు ఎదురు ట్రాఫిక్‌ని కోసే ఎడమ మలుపులు వీలైనంత తగ్గించి రూట్లు వేసుకునేది ఇలాంటి లెక్కతోనే. ఎడమ వైపు నడిపే చోట కుడి మలుపులకి ఇదే వర్తిస్తుంది.

ఆఫీసు ఏరియాలకి సగం మార్కులు. రిసెప్షన్‌లో ఒక్క సంతకంతో ఎనిమిది పెట్టెలు దిగిపోయే రోజులుంటాయి. కానీ పెట్టెలు బరువు, సాయంత్రం ఆఫీసు మూసేలోపు ముగించాలి, సెలవు రోజుల్లో రూట్ ఖాళీ కాబట్టి తెలియని ఏరియాకి తోసేస్తారు.

ఊళ్ల రూట్లలో స్టాప్‌లు తక్కువ, కిలోమీటర్లు ఎక్కువ. డోర్ నంబర్ కంటే ఇంటి పెద్ద పేరే పని చేస్తుంది. ఇక్కడ ఎక్కువగా చెడేది రెండు చోట్ల. పిన్ ఊరి నడిబొడ్డున ఉంటుంది, ఇల్లు రెండు కిలోమీటర్ల అవతల పొలం గట్టున ఉంటుంది. పైగా సిగ్నల్ పోయిందంటే ఓటీపీ రాదు. అందుకని హబ్‌లో వైఫై ఉన్నప్పుడే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవాలి, సిగ్నల్ ఉన్న చోటి నుంచే ముందుగా ఫోన్ చేసి ఇంట్లో ఉన్నారో లేదో తెలుసుకోవాలి. కస్టమర్ ప్లస్ కోడ్ (గూగుల్ మ్యాప్స్‌లో ఇల్లున్న చోటుని చూపే చిన్న కోడ్) పంపగలిగితే ఇంకా మేలు. పంక్చర్ కిట్, గాలి పంపు లేకుండా ఈ రూట్ ఎక్కకూడదు. గంటల జీతం, సంస్థ బండి ఉంటే ఊళ్ల రూట్ ప్రశాంతం. ప్యాకెట్ లెక్క, సొంత బండి అయితే వద్దు.

మొదటి రెండు మూడు నెలలకి హబ్ నుంచి 20 నిమిషాల లోపు, అపార్ట్‌మెంట్లూ విడి ఇళ్లూ కలిసిన ఫిక్స్‌డ్ రూట్ అడగండి. మేనేజర్ ‘ఈజీ రూట్ బాబూ’ అంటే, సాయంత్రం ఆ రూట్ నుంచి ఎన్ని ప్యాకెట్లు వెనక్కి వస్తాయో క్లోజింగ్ దగ్గర నిలబడి లెక్కపెట్టండి. వందకి రెండు మూడు అయితే సరే, పది దాటితే చిరునామాలో, జనంలో, సమయంలో ఎక్కడో తేడా ఉందన్నమాట. చేరాక ఎన్నాళ్లకి లొకేషన్ మార్చుకోవచ్చో కూడా సంతకానికి ముందే అడిగి రాయించుకోవాలి.

చేరిన రోజు నుంచి చిన్న పుస్తకంలో నాలుగు అంకెలు రాస్తూ రండి: హబ్ వదిలిన సమయం, మొదటి స్టాప్ సమయం, చివరి స్టాప్ సమయం, ఇచ్చిన స్టాప్‌లు. మొదటి, చివరి స్టాప్‌ల మధ్య సమయంలోంచి భోజనం తీసేసి స్టాప్‌లతో భాగిస్తే సగటు వస్తుంది. ఆరు వారాలయ్యాక కూడా ఆ సగటు దిగకపోతే రూట్‌లోనే తప్పుంది. సగటు దిగినా ఇంటికి ఆలస్యంగానే చేరుతుంటే తప్పు దూరానిదీ క్లోజింగ్‌దీ, అప్పుడు రూట్ కాకుండా హబ్ మార్చమని అడగాలి.