ముద్ర చదివి కొనవలసిన కవర్లు: మహిళా వైమానికుల సెట్టు

విమానయానానికి దారి తీర్చిన మహిళల గౌరవార్థం అమెరికా తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపుల తొలిరోజు కవర్లు (స్టాంపు అతికించి, అది విడుదలైన రోజు తేదీ, ఊరిపేరుతో తపాలా ముద్ర వేసిన కవర్లు) నాలుగింటిని ఆల్బంగా కూర్చిన సెట్టు ఒకటి ఇటీవల తెప్పించుకున్నాను. అమీలియా ఇయర్‌హార్ట్ (1963), హారియెట్ క్వింబీ (1991), బెస్సీ కోల్‌మన్ (1995), జాక్వెలిన్ కాక్రన్ (1996) అందులో ఉన్నారు. కొత్తవారి చూపు ఎడమవైపు అచ్చువేసిన బొమ్మ మీదికే పోతుంది కానీ, కవరుకు ప్రాణం తపాలా ముద్రే.

ఇయర్‌హార్ట్ కవరునే చూడండి. 8 సెంట్ల ఎయిర్‌మెయిల్ స్టాంపు పక్కన గుండ్రని ముద్రలో కాన్సాస్ రాష్ట్రపు ఆచిసన్ ఊరిపేరు, జూలై 24 తేదీ కనిపిస్తాయి. ఆమె పుట్టిన ఊరూ అదే, పుట్టినరోజూ అదే. భూతద్దం పెట్టి చూశాను. ఒక్క అక్షరమూ అలుక్కుపోలేదు. క్వింబీ కవరు మీది బొమ్మలో ఆమె ప్రసిద్ధమైన ఊదారంగు దుస్తులు చక్కగా కుదిరాయి. 1912 ఏప్రిల్ 16న ఇంగ్లిష్ ఛానల్‌ను విమానంలో దాటిన తొలి మహిళ ఈమె. ముందురోజే టైటానిక్ మునగడంతో పత్రికలు ఆ సాహసాన్ని దాదాపు పట్టించుకోలేదు. కాక్రన్ కవరు శుభ్రంగా ఉంది, అంతకుమించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

సెట్టుతో వచ్చిన పరిచయ కార్డు మాత్రం నిరాశపరిచింది. పైలట్ లైసెన్సు పొందిన తొలి మహిళ ఇయర్‌హార్ట్ అని అందులో అచ్చయింది. ఆ ఘనత 1910 మార్చి 8న 36వ నంబరు లైసెన్సు అందుకున్న ఫ్రెంచి వనిత రేమోండ్ ద లారోష్‌ది. ఇయర్‌హార్ట్‌కు అప్పటికి పన్నెండేళ్లే! కవర్లు పెట్టిన పీవీసీ తొడుగులు ఘాటైన వాసన వేస్తున్నాయి. పీవీసీ కాలక్రమంలో స్టాంపులను పాడుచేస్తుంది కనుక, అన్నిటినీ ఆ రోజే పాలియెస్టర్ తొడుగుల్లోకి మార్చాను.

అసలు చిక్కు కోల్‌మన్ కవరుతో వచ్చింది. నల్లజాతి మహిళ అన్న కారణంగా స్వదేశంలో ఏ విమాన శిక్షణాలయమూ చేర్చుకోకపోతే, ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్సుకు వెళ్లి 1921లో లైసెన్సు సాధించిన ఈమె కోసమే నేను సెట్టు కొన్నాను. తీరా చూస్తే సిరా పలచబడి, ముద్రలో షికాగో పేరు సగమే పడింది. ఫిర్యాదు చేయగా అమ్మకందారు పేచీ పెట్టకుండా మరో కవరు పంపారు. దాని మూల కాస్త మడతపడింది, అయినా ఊరిపేరు నిండుగా ఉంది. దాన్నే ఉంచుకుని మొదటిది తిప్పి పంపాను.