బాగ్మతి నది కోసం పిల్లలతో ఏం చేయిస్తే మేలు: చెత్త ఎత్తించడమా, నీళ్లు టెస్ట్ చేయించడమా?

నేను ఖాట్మండులో టీచర్‌ని కదా, స్కూల్లో ఎకో క్లబ్ పెడదామనుకునేవాళ్లంతా ఇదే అడుగుతున్నారు, పిల్లల్ని బాగ్మతి క్లీనింగ్‌కి తీసుకెళ్లాలా లేక నీళ్ల టెస్టింగ్ నేర్పాలా, ఉన్న టైమ్ ఒక్కదానికే సరిపోతుంది అని. నేను రెండూ చేయించా, ఈ ఏడాది మాత్రం టెస్టింగే పెట్టుకున్నా.

క్లీనింగ్‌ని తక్కువ చేసి చెప్పట్లేదు. 2013 మేలో అప్పటి నేపాల్ ప్రభుత్వ ముఖ్య కార్యదర్శి లీలామణి పౌడ్యాల్ చొరవతో మొదలైన శనివారం శ్రమదానం ఏళ్ల తరబడి వారం వారం నడిచింది, నేపాల్లో శనివారం సెలవు కాబట్టి పిల్లలకీ వీలే. బురదలోంచి పాలిథిన్ కవర్లు, చిరిగిన బట్టలు లాగిన పిల్లాడు ఆ తర్వాత చిప్స్ ప్యాకెట్ రోడ్డు మీద పడెయ్యడానికి ఆలోచిస్తాడు, నేను చూశా.

కానీ ఒక శనివారం గట్టంతా శుభ్రం చేశాక ఏడో క్లాసు అమ్మాయి "ఇంక నది బాగైపోయినట్టేనా మిస్" అంది, పక్కనే నీళ్లు నల్లగా కంపు కొడుతూ పోతున్నాయి. నాకు అక్కడే తెలిసొచ్చింది. బాగ్మతికి అసలు దెబ్బ ఇళ్ల మురుగు, అది గోనెసంచిలోకి ఎత్తితే వచ్చేది కాదు. పైన సుందరిజల్ దగ్గరే తాగడానికి నీళ్లు మళ్లించేస్తారు, అందుకని వానల్లేని నెలల్లో ఊళ్లో పారేదాంట్లో మురుగే ఎక్కువ.

మురుగు ఎక్కువైతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, అందుకే ఇది పిల్లలకి కళ్లకి కట్టించేది ఆక్సిజన్ టెస్ట్. సీసా నిండా నీళ్లు పట్టి రెండు మందులు వేస్తే, ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లటిది. సుందరిజల్ పైన పట్టింది ముదురు గోధుమ, ఊళ్లో విష్ణుమతి నది వచ్చి కలిసే టేకు అనే చోట పట్టింది దాదాపు తెలుపు, రెండూ ఒకే నది నీళ్లు, ఒకే రోజు పట్టినవి. అదే అమ్మాయి ఈసారి "మా బాత్రూం పైపు ఎక్కడికి పోతుంది మిస్" అని అడిగింది. అక్కణ్ణించి పశుపతికి ఎగువన ఉన్న గుహ్యేశ్వరి మురుగు శుద్ధి ప్లాంట్ ఏం చేస్తుందో, మిగతా ఊరి మురుగు సంగతేంటో వాళ్లే వెతకడం మొదలుపెట్టారు. క్లీనింగ్‌కి వెళ్లిన రోజుల్లో నాకు ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.

కిట్‌కి డబ్బుల్లేకపోతే నదిలో రాళ్లు తిరగేసి పురుగులు చూడండి, శుభ్రమైన చోట తోక దగ్గర మూడు పోగులుండే పిల్లపురుగులు దొరుకుతాయి, మురుగులో అయితే ఎర్రటి సన్న పురుగులే.

పోస్టర్ల పోటీ, వ్యాసరచన అంటారా, పర్యావరణ దినోత్సవానికి ఒక పూట పెట్టుకోండి చాలు.

మొదటిసారైతే ఒక శనివారం క్లీనింగ్‌కి తీసుకెళ్లి, ఆ తర్వాత టెస్టింగ్‌కి రండి. మాఘం నుంచి చైత్రం లోపు చేస్తే తేడా బాగా తెలుస్తుంది, వానాకాలం వరదకి మురుగు పలచబడిపోతుంది. గ్లౌజులు తప్పనిసరి, ఆ మందులు చర్మానికి మంచివి కావు. టెస్ట్ అయిపోయిన సీసాలు మాత్రం నదిలో ఒంపనివ్వకండి, ఒక డబ్బాలో పట్టి స్కూల్ ల్యాబ్‌కి తెచ్చెయ్యండి.